స్టార్ల సగటు దేన్ని కొలుస్తుంది?

మిక్సీ కొందామని ఫోను తెరిస్తే ముందు కనబడేవి బొమ్మ, ధర, వాటి పక్కనే 4.3 స్టార్లు. వేలమంది వాడి చెప్పిన మాట కదా అని చాలామంది అక్కడికక్కడే నిర్ణయం తీసేసుకుంటారు. దొంగ రివ్యూలు ఉంటాయని తెలిసినవాళ్లు కూడా, వాటిని ఏరేస్తే మిగిలిన సగటు నిజమే చెబుతుందని నమ్ముతారు. చిక్కు అంతకంటే లోతుగా ఉంది. రాసినవాళ్లంతా నిజమే రాసినా ఆ సగటు వస్తువు నాణ్యతను సరిగా కొలవదు. అందులో ఎక్కువగా తెలిసేది ఎవరికి రాయాలనిపించిందన్నదే. అందుకే రివ్యూల్లో తీర్పు కోసం కాకుండా సాక్ష్యం కోసం వెతకాలి.

నాన్ హు, జీ ఝాంగ్, పాల్ పావ్లూ 2009లో ప్రచురించిన పరిశీలన దీనికి మంచి ఆధారం. అమెజాన్ రేటింగులను గీసి చూస్తే ఐదు స్టార్ల దగ్గర పెద్ద గుట్ట, ఒకటి దగ్గర చిన్న గుట్ట, మధ్యలో పల్లం కనిపించాయి. అదే ఒక సంగీతపు సీడీ మీద అందరినీ అడిగి అభిప్రాయం రాబడితే ఎక్కువమంది మధ్యలోనే నిలిచారు. కారణాలు రెండు. నచ్చుతుందనుకున్నవాళ్లే డబ్బు పెట్టి కొంటారు. కొన్నవాళ్లలోనూ బాగా మురిసిపోయినవాళ్లు, బాగా మండిపడ్డవాళ్లు పనిగట్టుకుని రాస్తారు. ‘పర్లేదు’ అనుకున్నవాళ్లు ఊరుకుంటారు. పైగా డబ్బా విప్పిన వారానికే రాసిన రివ్యూకు ఏడాది తర్వాత మోటారు ఏమవుతుందో తెలిసే వీలే లేదు. బార్ట్ డి లాంగ్, మరో ఇద్దరు పరిశోధకులు 2016లో 120 రకాలకు చెందిన 1,272 వస్తువులను తీసుకుని, వాటి అమెజాన్ సగటును కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ ప్రయోగశాల మార్కులతో పోల్చారు. రెండింటికీ పొంతన చాలా తక్కువ. పేరున్న బ్రాండ్లకు, ఖరీదైన వస్తువులకు మాత్రం స్టార్లు కాస్త ఎక్కువే పడ్డాయి.

ఇంతమంది ఒకేసారి పొరబడతారా అని అడగవచ్చు. ఎవరికి వారు విడిగా ఆలోచించి చెబితే గుంపు లెక్క నిజానికి దగ్గరగానే వస్తుంది. కానీ రివ్యూ రాసేవాడికి ముందువాళ్ల స్టార్లు కళ్లెదుటే ఉంటాయి. లెవ్ ముచ్నిక్, సినాన్ అరల్, షాన్ టేలర్ ఒక వార్తల సైట్‌లో కొన్ని వ్యాఖ్యలకు యాదృచ్ఛికంగా తొలి మెప్పు ఓటు తామే వేసి చూశారు. తర్వాత చూసినవాడు కూడా మెచ్చే అవకాశం 32 శాతం పెరిగింది, చివరి స్కోరు సగటున 25 శాతం ఎక్కువైంది. 2013లో సైన్స్ పత్రికలో వచ్చిన ఈ ఫలితం చూశాక, తొలి పది రివ్యూలకు అమ్మకందారులు అంత ఆరాటపడటంలో వింతేమీ కనిపించదు.

ఇక దొంగ రివ్యూల సంగతి. 2011లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన మైల్ ఆట్ బృందం షికాగో హోటళ్లపై 400 నిజమైన రివ్యూలు, డబ్బిచ్చి రాయించిన 400 కల్పిత రివ్యూలు కలిపి ముగ్గురు విద్యార్థుల ముందు కొన్నింటిని పెట్టింది. అందరికంటే బాగా పట్టుకున్నవారు కూడా నూటికి 62 దాటలేదు. కంప్యూటరు దాదాపు 90 పట్టుకుంది. అక్కడ ఉండి వచ్చినవాళ్లు స్నానాలగది, అంతస్తు, గది ఇరుకు లాంటివి రాస్తే, కల్పించినవాళ్లు సెలవులు, భర్త, వ్యాపార పనులు లాంటివి రాశారు. ఇప్పుడు కృత్రిమ మేధ స్నానాలగదిని కూడా ముచ్చటగా వర్ణిస్తుంది కదా అంటే, నిజమే. భాషను బట్టి పట్టుకోవడం ఇక కష్టం. అయినా వివరానికి విలువ పోలేదు. ‘అద్భుతంగా ఉంది’ అన్న మాటను పరీక్షించలేం. ‘జారు కింద ఉండే కప్లర్ ఆరు నెలలకే అరిగింది, మినప్పప్పు ఐదు నిమిషాలు తిప్పితే మోటారు ట్రిప్ అవుతోంది’ అన్నదాన్ని వేరే నెలలో వేరేవాళ్లు రాసిన ఫిర్యాదుతో సరిపోల్చవచ్చు.

నిజంగా కొన్నవాళ్లేనని సూచించే గుర్తు చూస్తే చాలదా? కొంత మేలే కానీ చాలదు. షెర్రీ హీ, బ్రెట్ హాలెన్‌బెక్, డేవిడ్ ప్రోసెర్పియో 2022లో ప్రచురించిన పరిశోధనలో అమ్మకందారులు ఫేస్‌బుక్ గ్రూపుల్లో మనుషులను పట్టి, వస్తువు కొనిపించి, ఐదు స్టార్లు పడ్డాక డబ్బు తిరిగిచ్చేయడం బయటపడింది. కొనుగోలు నిజం, రివ్యూ అబద్ధం. ఆ పని ఆపేశాక రేటింగు పడిపోయి, ఒక్క స్టారు రివ్యూల వాటా పెరిగింది. అందుకే రివ్యూలను కొత్తవి ముందు వచ్చేలా పెట్టి చదవడం మేలు. మన దేశంలో 2022 నవంబరులో ఐఎస్ 19000 అనే ప్రమాణం వచ్చింది. రివ్యూలను ఎలా సేకరించాలి, ఎలా వడపోయాలి, ఎలా ప్రచురించాలి అన్నది అందులో ఉంది. కానీ దాన్ని పాటించడం స్వచ్ఛందమన్నారు. కోట్లమంది ఈ అంకెలు చూసి కొంటున్నప్పుడు దాన్ని తప్పనిసరి చేయకపోవడం న్యాయం కాదు.

రివ్యూలు చదివేటప్పుడు రెండు, మూడు, నాలుగు స్టార్ల దగ్గర ఎక్కువసేపు ఆగాలి. బాగున్నదీ బాగాలేనిదీ కలిపి రాసేవాళ్లు అక్కడే ఎక్కువగా దొరుకుతారు. రాసినవారి వాడకం మనలాంటిదేనా అని కూడా చూడాలి. ఇద్దరున్న ఇంట్లో చట్నీకి వాడే మిక్సీని మెచ్చుకున్న మాట, రోజూ ఆరుగురికి దోసెల పిండి రుబ్బే ఇంటికి అక్కరకు రాదు. డెలివరీ ఆలస్యమైందని వేసిన ఒక్క స్టారును పక్కన పెట్టేయవచ్చు, కాలిన వాసన వస్తోందని నలుగురు రాస్తే పెట్టకూడదు. అయితే లోపలి ఇన్సులేషన్ ఎలా ఉందో, తడిచేత్తో పట్టుకుంటే షాక్ కొడుతుందో లేదో ఎంత నిజాయితీపరుడైనా వాడి చెప్పలేడు. దానికి ప్రయోగశాల పరీక్షే ఆధారం. వస్తువు మీద ఐఎస్ఐ గుర్తు కింద సీఎం/ఎల్‌తో మొదలయ్యే లైసెన్స్ నంబరు ఉంటుంది. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఆ లైసెన్స్ ఏ తయారీదారుది, ఏ వస్తువుకిచ్చారు, ఇంకా చెల్లుతోందా అన్నది తెలిసిపోతుంది.