కారు మీది నీటిమచ్చలు

పప్పు ఉడకని నీళ్ళంటే ఏమిటో ఆంధ్రదేశంలో ఉప్పునీటి బావి ఉన్న ఊళ్ళవారికి వేరే చెప్పనక్కరలేదు. ఆ నీటిలో సబ్బు నురగ కట్టదు. కాచిన కాగు లోపల తెల్లని పెచ్చు పేరుకుంటుంది. అమెరికాలో ఆ పెచ్చు కారు మీద కనిపిస్తుంది. ఫీనిక్స్, లాస్ వేగస్ వంటి నగరాలలో, పచ్చికకు నీళ్ళు చిమ్మే స్ప్రింక్లరు పక్కన నల్లకారును ఒక వేసవి ఉదయం నిలిపితే, మధ్యాహ్నానికి దాని నిండా తెల్లని వలయాలు తేలుతాయి.

లాస్ వేగస్‌కు నీరిచ్చే కొలరాడో నది రాతినేలల మీదుగా పారుతూ కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకొని వస్తుంది. కాల్షియం కార్బొనేట్‌గా లెక్కకట్టినప్పుడు లీటరుకు 180 మిల్లీగ్రాములు దాటిన నీటిని అమెరికా భూవిజ్ఞాన సర్వే సంస్థ అతి కఠినజలంగా వర్గీకరించింది. లాస్ వేగస్ నీరు ఆ హద్దును సునాయాసంగా దాటుతుంది. కాస్కేడ్ పర్వతాల నుండి వచ్చే సియాటిల్ నీరు మాత్రం మృదుజలం.

లీటరుకు 200 మిల్లీగ్రాముల లవణాలున్న నీటిలో ఒక్క చుక్కకు వచ్చేది మిల్లీగ్రాములో నూరవ వంతు. అంత స్వల్పమైనది కంటికెలా కనబడుతుంది? చుక్క ఆరేటప్పుడు కరిగి ఉన్న బైకార్బొనేట్ నుండి బొగ్గుపులుసు వాయువు వెలువడి, కరగని కార్బొనేట్, అనగా సుద్ద, మిగులుతుంది. పైగా అది చుక్క అంతటా సమంగా పరచుకోదు. అంచు వద్ద నీరు త్వరగా ఆవిరవుతుంది. ఆ లోటు తీర్చడానికి లోపలి నీరు అంచుకు ప్రవహిస్తూ తనలోని పదార్థాన్ని అక్కడికి చేరవేస్తుంది. ఒలికిన కాఫీ మరక అంచు నల్లబడేదీ ఇందువల్లనే. చికాగో విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 1997లో ఈ సంగతిని వివరించారు.

ఇది పైకి తేలిన మచ్చ. లోనికి దిగే మచ్చ వేరు, ప్రమాదకరమైనదీ అదే. వాననీటిలో సుద్ద ఉండదు గాని, బొగ్గు మండించిన పొగల వల్ల గంధకికామ్లం చేరవచ్చు. ఎండకు నీరు ఆవిరవుతుంది. ఆమ్లం ఆవిరి కాదు. చుక్క చిన్నదయ్యేకొద్దీ ఆమ్లం చిక్కబడుతుంది. కారు రంగుపైన ఉండే పారదర్శకపు పూతలో ఆక్రిలిక్ గొలుసులను మెలమైన్ ముడివేసి ఉంచితే, ఆ ముడులను ఆమ్లమూ, నీరూ, వేడీ కలసి విప్పుతాయి. అక్కడ గుంట పడుతుంది. ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో రంగు పలకలను వేసవిలో ఆరుబయట ఉంచి పరీక్షించడం రంగుల పరిశ్రమకు చిరకాలపు ఆనవాయితీ. 1990లో సవరించిన స్వచ్ఛవాయు చట్టం తరువాత ఆమ్లవర్షం బాగా తగ్గింది గాని, పక్షుల రెట్టలు, చచ్చిన పురుగులు ఇటువంటి గుంటలనే చేస్తూనే ఉన్నాయి.

కనుక మచ్చ ఏ జాతిదో ముందు తేల్చుకోవాలి. నీడలో, చల్లబడిన కారును షాంపూతో కడిగి తుడిచిన తరువాత కూడా మచ్చ నిలిస్తే, తెల్ల వెనిగర్‌లో సమానంగా స్వేదనజలం కలిపి, మెత్తని గుడ్డతో ఒక నిమిషం అద్ది, ఆరకముందే పుష్కలంగా నీటితో కడగాలి. సుద్ద అయితే కరిగే కాల్షియం ఎసిటేట్‌గా మారి పోతుంది. ఇత్తడి బిందెను తళతళలాడించే చింతపండు ఇక్కడ పనికిరాదు. అందులోని టార్టారిక్ ఆమ్లం కాల్షియంతో కలసి సులభంగా కరగని లవణాన్నే ఇస్తుంది. జిప్సం, సిలికా కలిసిన మచ్చలకు వెనిగర్ కూడా చాలదు.

పైపదార్థం పోయినా ట్యూబులైటు వెలుగులో వలయం కనిపిస్తే అది గుంట. దానికి మందు లేదు. చుట్టూ ఉన్న పూతను సన్నని పాలిష్‌తో గుంట లోతుకు దించడమే మార్గం. ఆ పూత మందం సాధారణంగా 40, 50 మైక్రాన్లు, సుమారుగా తలవెంట్రుకంత. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డేదీ అదే. గిన్నెలు తోమే పీచుతో రుద్దినవారు మచ్చతోపాటు ఆ రక్షణనూ అరగదీస్తారు. లోతైన గుంటలను పూత మందం కొలిచే పరికరమున్న నిపుణునికి అప్పగించడం మేలు.

వెనిగర్ పాత మైనాన్ని కొంత తీసివేస్తుంది గనుక మళ్ళీ పూయాలి. మైనం పూసిన కారుకు మచ్చలు పడవన్న నమ్మకం మాత్రం సగమే నిజం. మైనం మీద నీరు ముత్యాల్లా నిలుస్తుంది. తుడవకుండా వదిలితే ఆ ముత్యాలే ఎండలో ఒక్కొక్కటి ఒక్కొక్క మచ్చగా ఆరుతాయి. స్ప్రింక్లరు తలను ఇంకోవైపు తిప్పడానికి అయ్యే ఖర్చేమీ లేదు.