ఫోన్ కారులో పెట్టేసి మాస్టర్స్‌కి వెళ్లా: పదకొండు గంటల ‘నో సిగ్నల్’ రివ్యూ

ఇప్పటిదాకా ఇక్కడ నేను రాసినవన్నీ ఫోన్ల రివ్యూలే. ఈసారి ఫోన్ లేకుండా గడిపిన ఒక రోజు గురించి రాస్తున్నా. అది కూడా నాకు ఫోన్ అత్యవసరమైన రోజు.

2025 ఏప్రిల్ 10, గురువారం. అమెరికాలోని జార్జియా రాష్ట్రం, అగస్టా నేషనల్ గోల్ఫ్ క్లబ్. మాస్టర్స్ టోర్నమెంట్ మొదటి రోజు. గోల్ఫ్‌లో నాలుగు మేజర్ టోర్నీలుంటే, ప్రతి ఏడాదీ ఒకే మైదానంలో జరిగేది ఇదొక్కటే. 1934లో మొదలైంది. గెలిచినవాళ్లకి గ్రీన్ జాకెట్ తొడుగుతారు. నా రూమ్‌మేట్‌కి లాటరీలో రెండు టికెట్లు తగిలాయి. “మామా, వస్తావా?” అన్నాడు. గోల్ఫ్ నాకు వీడియో గేమ్‌లో తప్ప తెలియదు. అయినా వస్తానన్నా. రూల్స్ మాత్రం తర్వాత చదివా.

రూల్ చాలా సింపుల్. ఫోన్ తేకూడదు. సైలెంట్‌లో పెట్టుకుంటా, జేబులోంచి తీయను అంటే కుదరదు. ట్యాబ్, ల్యాప్‌టాప్ కూడా అంతే. కెమెరా సోమవారం నుంచి బుధవారం వరకు జరిగే ప్రాక్టీస్ రోజుల్లోనే. లోపల ఫోన్‌తో దొరికితే బయటికి పంపేస్తారు, టికెట్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లకి ఇక జన్మలో టికెట్ రాకపోవచ్చు. రూమ్‌మేట్ నాకు నాలుగుసార్లు గుర్తుచేశాడు. స్మార్ట్‌వాచ్ కూడా రిస్క్ ఎందుకని తీసేశా. దాని బదులు వాడి పాత క్యాషియో ఎఫ్-91డబ్ల్యూ పెట్టుకున్నా. 1989లో వచ్చిన మోడల్, బ్యాటరీ ఏడేళ్లు. మనం రివ్యూ చేసే ఏ వాచ్ అయినా దీని ముందు దిగదుడుపే.

అక్క నంబర్ ఎంత?

అసలు సమస్య వేరే ఉంది. ఖమ్మంలో అమ్మకి మెడ దగ్గర చిన్న గడ్డ కనిపిస్తే ఆ వారమే సూది పరీక్ష చేశారు. రిపోర్ట్ గురువారం సాయంత్రం ఏడింటికి ఇస్తామన్నారు. అంటే అగస్టాలో ఉదయం తొమ్మిదిన్నర. సరిగ్గా ఆ టైమ్‌కి నా ఫోన్ పార్కింగ్‌లో ఉంటుంది.

వెళ్లకూడదనుకున్నా. అమ్మే ఒప్పుకోలేదు. “నువ్వు అక్కడ ఫోన్ చూస్తూ కూర్చుంటే ఇక్కడ రిపోర్ట్ మారిపోతుందా ఏంటి? వెళ్లిరా నాన్నా” అంది.

అగస్టాలో ప్రేక్షకుల కోసం ఉచిత టెలిఫోన్లు పెడతారని చదివా. ప్లాన్ వేసుకున్నాం. రిపోర్ట్ రాగానే నాన్న డల్లాస్‌లో ఉన్న అక్కకి చెప్తారు, నేను అక్కకి అక్కడి నుంచి కాల్ చేస్తా. అప్పుడు తెలిసింది, అక్క నంబర్ నాకు రాదని. రూమ్‌మేట్ నంబర్ రాదు. మేనేజర్‌ది రాదు. నోటికొచ్చినవి రెండే: నా నంబర్, బీటెక్ హాస్టల్ రోజుల నుంచి మారని నాన్న నంబర్. ఐదు వందలకు పైగా కాంటాక్టులున్న మనిషిని నేను! అక్క నంబర్ కాగితం మీద రాసి పర్స్‌లో పెట్టుకున్నా.

ఒక్క చెయ్యి కూడా లేవలేదు

అట్లాంటా దగ్గరి ఆల్ఫరెటా నుంచి తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. ఐ-20 హైవే మీద నేరుగా తూర్పుకి. పార్కింగ్ ఉచితం. ఫోన్‌ని డాష్‌బోర్డ్ అరలో పెట్టి తాళం వేశా. గేట్ దాకా నడిచేలోపు ఖాళీ జేబు కనీసం ఆరుసార్లు తడుముకుని ఉంటా.

లోపల ప్రేక్షకుల్ని ‘ప్యాట్రన్స్’ అంటారు. పరుగెత్తకూడదు, కాబట్టి అందరూ వడివడిగా నడుస్తుంటారు, చూస్తే నవ్వొస్తుంది. చేతికి మ్యాప్, ఎవరు ఎన్నింటికి మొదలుపెడతారో చెప్పే పెయిరింగ్ షీట్ ఉచితంగా ఇచ్చారు. ఆ రోజంతా మాకు అదే యాప్.

ముందుగా జాక్ నిక్లాస్, గ్యారీ ప్లేయర్, టామ్ వాట్సన్ తలా ఒక షాట్ కొట్టి టోర్నీ ప్రారంభిస్తారు. ముగ్గురూ పాత చాంపియన్లు. నా ముందు ఐదారు వరసల జనం. ఏ కచేరీకెళ్లినా, ఏ సినిమా ఫంక్షన్‌కెళ్లినా ఈ టైమ్‌కి నా ముందు వంద స్క్రీన్లు లేచి ఉంటాయి. ఇక్కడ ఒక్క చెయ్యి లేవలేదు. అందరూ రెండు చేతులతో చప్పట్లు కొట్టారు. ఫోన్ లేకపోతే చప్పట్ల సౌండ్ కూడా వేరేలా ఉంటుందని అప్పుడే తెలిసింది.

తర్వాత షాప్‌లో మడత కుర్చీలు కొని 15వ గ్రీన్ కనిపించే చోట వేసి, వెనక పేర్ల కార్డులు పెట్టి వెళ్లిపోయాం. గంటల తర్వాత తిరిగొచ్చినా ఆ కుర్చీ మనదే. మన ఊళ్లో ఆర్టీసీ బస్సు సీటు మీద కర్చీఫ్ వేసినట్టే, కాకపోతే ఇక్కడ గొడవ ఉండదు.

తెలియని నంబర్

తొమ్మిదిన్నరకి ఫోన్ల దగ్గరికెళ్లా. వరసగా వైర్లున్న హ్యాండ్‌సెట్లు. డబ్బులు, కార్డు ఏమీ అక్కర్లేదు. నా ముందు ఒక పెద్దాయన వాళ్ల మనవడితో మాట్లాడుతున్నాడు. నా వంతు వచ్చింది. కాగితం చూసి నంబర్ నొక్కా.

ఎత్తలేదు. నేరుగా వాయిస్‌మెయిల్.

సెకన్లలో అర్థమైంది. స్పామ్ కాల్స్ గోల భరించలేక, తెలియని నంబర్లని సైలెంట్ చేసే సెట్టింగ్ అక్క ఫోన్‌లో ఆన్ చేసింది నేనే. పోయిన దసరాకి వాళ్లింటికి వెళ్లినప్పుడు చేశా. “అక్కా, నేనే. ఆ సైలెంట్ సెట్టింగ్ తీసెయ్. మళ్లీ చేస్తా” అని మెసేజ్ వదిలి, పోయి లైన్ చివర నిలబడ్డా.

రెండోసారి ఎత్తింది. “నాన్న ఇంకా ల్యాబ్‌లోనే ఉన్నారురా. డాక్టర్ సంతకం కావాలంట. ఇంకో గంటన్నర ఆగు.”

ఆ గంటన్నర సంగతి మీకు చెప్పాలి. చేతిలో ఫోన్ ఉంటే నేనేం చేసేవాణ్నో నాకు తెలుసు. ల్యాబ్ పోర్టల్ రిఫ్రెష్ చేసేవాణ్ని. గడ్డల గురించి గూగుల్ చేసి పేషెంట్ల కథలు చదివేవాణ్ని. ఫ్యామిలీ గ్రూప్‌లో ‘ఏమైంది’ అని అరడజను సార్లు అడిగేవాణ్ని. ఏదీ కుదరలేదు కాబట్టి నడిచా. పదో హోల్ దగ్గర మొదలుపెడితే మొత్తం దిగుడే. టీవీలో చదునుగా కనిపించే మైదానం నిజానికి ఇంత కొండ అని మోకాళ్లు చెప్పాయి. భయం పోలేదు. కానీ పెరగనూ లేదు. పెంచే సరుకు చేతిలో లేదు కదా.

పదకొండింటికి మళ్లీ కాల్. అక్క హలో కూడా అనలేదు. “ఏం లేదంటరా. మామూలు గడ్డే. ఆరు నెలలకోసారి స్కాన్ చేయించుకుంటే చాలంట.” కాల్ రెండు నిమిషాలు కూడా లేదు. ఫార్వర్డ్ చేయడానికి పీడీఎఫ్ లేదు, పెట్టడానికి ఎమోజీ లేదు. హ్యాండ్‌సెట్ పెట్టేసి, పక్కనే ఉన్న రూమ్‌మేట్‌ని గట్టిగా పట్టుకున్నా. వాడు పిమెంటో చీజ్ శాండ్‌విచ్ కొనిపెట్టాడు. తురిమిన చీజ్‌లో మయోనీజ్, పిమెంటో అనే ఎర్ర మిరప ముక్కలు కలిపి బ్రెడ్‌లో పెడతారు. ధర ఒకటిన్నర డాలర్. పచ్చిమిర్చి పడుంటే ఇంకా బాగుండేది. అయినా అంత రుచిగా తిని చాలా రోజులైంది.

రిఫ్రెష్ రేట్: నిమిషానికి ఒకటి

మధ్యాహ్నం కాసేపు సాహిత్ తీగల వెంట నడిచాం. తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి కాలిఫోర్నియా వెళ్లి స్థిరపడ్డవాళ్లు. 2023లో తొలిసారి మాస్టర్స్ ఆడి తొమ్మిదో స్థానంలో నిలిచాడు. ఆ పేరుని అక్కడివాళ్లు తలో రకంగా పలుకుతుంటే, కరెక్ట్‌గా పలికేది మేమిద్దరమే అనిపించి గర్వంగా తలెత్తుకున్నాం.

స్కోర్లు తెలియాలంటే పెద్ద తెల్ల లీడర్‌బోర్డులే గతి. ఎల్‌ఈడీ కాదు, వెనక మనుషులు నిలబడి చేత్తో అంకెల పలకలు మారుస్తారు. నిర్దేశించిన స్ట్రోక్స్‌ని పార్ అంటారు. అంతకంటే తక్కువలో ఆడితే అంకె ఎరుపు, ఎక్కువైతే ఆకుపచ్చ. పాత పలక తీసి కొత్తది పెట్టేలోపు అక్కడ ఖాళీ గడి ఉంటుంది. ఆ ఖాళీని వందలమంది ఊపిరి బిగబట్టి చూస్తారు. 120 హెర్ట్జ్ స్క్రీన్ మీద ఏ నోటిఫికేషన్ కోసమూ నేనలా ఎదురుచూడలేదు.

సాయంత్రం ఐదు ప్రాంతంలో కుర్చీల్లో ఉన్నాం. రోరీ మెకిల్‌రాయ్ 15వ హోల్‌కి వచ్చాడు. అప్పటికి 4 అండర్. ఈ టోర్నీ ఒక్కటి గెలిస్తే నాలుగు మేజర్లూ గెలిచిన ఆరో మగ ఆటగాడు అవుతాడు, పదేళ్లుగా అది అందడం లేదు. రెండో షాట్ గ్రీన్ దాటి వెనక్కి పడింది. అక్కడి నుంచి మెల్లగా చిప్ చేశాడు. బంతి గ్రీన్ మీద దొర్లింది, ఆగుతుందనుకున్న చోట ఆగలేదు, ఇంకా దొర్లి ముందున్న చెరువులో పడిపోయింది.

పక్కనున్నాయన వైపు చూశా. ఆయన నా వైపు చూశాడు. రీప్లే లేదు. కామెంటరీ లేదు. ‘ఏం జరిగింది?’ అని మనిషిని మనిషే అడగాలి. గ్రీన్ మా వైపు ఎంత వాలుగా ఉందో ఆయన అరచేయి వంచి చూపించాడు. పార్ 5 హోల్‌లో ఏడు. కాసేపటికి బోర్డు మీద ఎరుపు 4 పోయి, ఖాళీ గడి వచ్చి, ఎరుపు 2 వచ్చింది. 17లో ఇంకో రెండు పోయాయి. రోజు ముగిసేసరికి స్కోరు 72, అంటే సరిగ్గా పార్. జస్టిన్ రోజ్ 65 కొట్టి ముందున్నాడు.

టెక్నాలజీ లేదనుకున్నారా?

ఇక్కడే అసలు ట్విస్ట్. అగస్టా పాతకాలం క్లబ్ అనుకుంటే పొరపాటు. గ్రీన్ల కింద సబ్‌ఎయిర్ అనే పైపుల వ్యవస్థ ఉంది, మట్టిలోని తేమని లాగేస్తుంది. 1996 నుంచి వీళ్ల వెబ్‌సైట్ పని ఐబీఎం చూస్తోంది. 2019 నుంచి ప్రతి ఆటగాడు కొట్టిన ప్రతి షాట్ వీడియో యాప్‌లో వస్తోంది, టోర్నీ మొత్తానికి 20 వేలకు పైగా షాట్లు. 2023లో వాటికి ఏఐ కామెంటరీ కూడా కలిపారు.

అంటే ఇంట్లో ఉన్నవాడికి అన్నీ ఇచ్చారు, లోపలికి వచ్చినవాడికి ఏమీ ఇవ్వలేదు. నేను దీన్ని ప్రొడక్ట్ డిసిషన్ అంటా. ఒకే ఈవెంట్, ఇద్దరు యూజర్లు, రెండు వేర్వేరు ఇంటర్‌ఫేస్‌లు. దూరంగా ఉన్నవాడికి డేటా కావాలి. దగ్గరున్నవాడికి ఆ డేటా అడ్డం. మనం రోజూ కోడ్ రాసేటప్పుడు ఏ ఫీచర్ కలపాలా అని ఆలోచిస్తాం, ఏది తీసేస్తే యూజర్‌కి మంచిదో అని ఎప్పుడైనా మీటింగ్ పెట్టామా?

కారులోకి వచ్చి ఫోన్ తీస్తే 163 నోటిఫికేషన్లు. నిజంగా అవసరమైనవి రెండు. ఒకటి అమ్మ వాయిస్ మెసేజ్: “విన్నావుగా. తిన్నావా?” ఇంకోటి నాన్న పంపిన రిపోర్ట్ ఫొటో. తర్వాత యాప్‌లో రోరీ 15వ హోల్ షాట్ చూశా. చాలా క్లియర్‌గా ఉంది. నేను కూర్చున్న చోటు నుంచి అంత బాగా కనబడలేదు. కానీ ఆ వీడియోలో బంతి దొర్లుతుండగా మెల్లగా ఆగిపోయిన జనం గొంతు లేదు, పక్కనాయన అరచేయి లేదు.

ఆదివారం మాత్రం సోఫాలో రెండు స్క్రీన్లతో చూశా. రోరీ 13లో మళ్లీ నీళ్లలో వేశాడు, 18లో ప్లేఆఫ్ దాకా వెళ్లాడు, రోజ్‌ని ఓడించి మోకాళ్ల మీద పడ్డాడు. సరిగ్గా ఆ టైమ్‌లో నేను ఫోన్‌లో ఏదో మెసేజ్‌కి రిప్లై ఇస్తున్నా. రీప్లేలో చూశా.

మీరు వెళ్లాలంటే

టికెట్లకి జూన్‌లో మాస్టర్స్ అధికారిక వెబ్‌సైట్‌లో అప్లై చేయాలి. అప్లికేషన్ ఉచితం, లాటరీలో వస్తేనే డబ్బు కట్టాలి. మా టికెట్ ఒక్కొక్కటి 140 డాలర్లు. బయట రీసేల్‌లో కొంటే క్లబ్ రద్దు చేసే ప్రమాదం ఉంది, జాగ్రత్త. ఫొటోలు కావాలంటే ప్రాక్టీస్ రోజులకి అప్లై చేసి మామూలు కెమెరా తీసుకెళ్లండి. ఫోన్ పే కుదరదు, కార్డు మర్చిపోవద్దు. మంచి బూట్లు వేసుకోండి.

వెర్డిక్ట్

ప్లస్: బ్యాటరీ టెన్షన్ లేదు, పక్కవాళ్లతో మాటలు, అన్నీ కళ్లతో చూసినవే.
మైనస్: రూమ్‌మేట్ తప్పిపోతే వెతుక్కోవాలి, టైమ్ చెప్పేవాళ్లు కావాలి, ఆ రోజువి ఒక్క ఫొటో లేదు.

నా ఫోన్ నేను వదలను, మిమ్మల్నీ వదలమనను. అది లేకపోతే ఈ రివ్యూలే లేవు. కానీ ఆ రోజు నుంచి ఒక పని చేస్తున్నా: అక్కకి కాల్ చేయాలంటే కాంటాక్ట్స్ తెరవకుండా నంబర్ నొక్కుతున్నా. ఇప్పుడు నోటికి వచ్చేసింది. అమ్మది ఈ వారం నేర్చుకుంటున్నా. మీకు ఎంతమంది నంబర్లు నోటికొచ్చు? ఫోన్ పక్కన పెట్టి ఒకసారి లెక్కపెట్టండి.