పాటతో పోగైన పరిశోధన నిధి

కాన్సర్ పరిశోధన కోసం పాటకచేరీలు పెట్టి విరాళాలు పోగుచేయడం మీరు వినే ఉంటారు. పాటతో కాన్సర్ నయం కాదు గదా! మరి ఆ డబ్బు ఏం చేస్తుంది? ఒక ఉదాహరణ చూద్దాం.

1948 మే 22న అమెరికా రేడియోలో ఒక వినోద కార్యక్రమం ప్రసారమయింది. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో కాన్సర్‌తో మంచం పట్టిన పన్నెండేళ్ళ బాలుని చుట్టూ ఆ నగరపు బేస్‌బాల్ ఆటగాళ్ళు చేరారు. అందరూ కలిసి తమ ఆటను గురించిన పాట పాడారు. బాలుని అసలు పేరు దాచి, 'జిమ్మీ' అని పిలిచారు. విరాళాలు 20 వేల డాలర్లు దాటితే జిమ్మీకి టెలివిజన్ ఇస్తామన్నారు. ఆ ఏడాది 2 లక్షల 31 వేల డాలర్లకు పైగా వచ్చాయి! జిమ్మీ నిధి అలా మొదలయింది.

ఈ నిధి డాక్టర్ సిడ్నీ ఫార్బర్ పరిశోధన కోసం. ఆయన లుకేమియా, అనగా రక్తకాన్సర్ సోకిన పిల్లలకు చికిత్స చేస్తుండేవాడు. ఈ వ్యాధిలో ఎముకల మూలుగలో తెల్ల రక్తకణాలు అదుపు లేకుండా విభజన చెందుతాయి. కణం రెండుగా చీలాలంటే కొత్త డి.ఎన్.ఎ. తయారు కావాలి. అందుకు ఫోలిక్ ఆమ్లం అవసరం.

మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అప్పుడు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకుడు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన అమినోప్టెరిన్ అనే పదార్థాన్ని తయారుచేసింది. తాళంలో దూరి, తిరగక ఇరుక్కుపోయే దొంగ తాళంచెవి వంటిది ఇది. అసలు చెవికి ఇక చోటుండదు. ఫోలిక్ ఆమ్లం పని ఆగుతుంది, కణవిభజన కుంటుపడుతుంది.

ఫార్బర్ ఈ మందును 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందిలో గుణం కనిపించింది. కాని అది తాత్కాలికమే. కొన్ని నెలలకు వ్యాధి తిరగబెట్టింది. పైగా ఆ మందు ఆరోగ్యమైన కణాలనూ దెబ్బతీసింది. ఏ మోతాదు ఇవ్వాలి? ఏ మందుతో ఏ మందు కలపాలి? ఎంతకాలం వాడాలి? ఒక్కొక్క ప్రశ్నకు జవాబు దొరకాలంటే ప్రయోగశాల కావాలి, పనిచేసే మనుషులు కావాలి, ఏళ్ళ తరబడి ఓపిక కావాలి. విరాళాలు కొనిపెట్టేది వీటినే. జిమ్మీ నిధితో కట్టిన పరిశోధన భవనం 1952లో తెరిచారు.

సుబ్బారావు 1948 ఆగస్టులోనే కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువు వంటి మెథోట్రెక్సేట్‌ను నేటికీ వాడుతున్నారు. అనేక మందులు కలిపి ఇవ్వడం వల్ల, మంచి వైద్యం అందే దేశాలలో పిల్లలకు ఎక్కువగా వచ్చే లుకేమియా నుండి పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది బతుకుతున్నారు. జిమ్మీ కూడా కోలుకొని, పెద్దవాడై, 2001 వరకు జీవించాడు.

మీ ఊళ్ళో ఇటువంటి కచేరీ జరిగితే తప్పక వెళ్ళండి. మీ రూపాయి ఏ ప్రశ్నకు జవాబు వెతకబోతున్నదో కూడా అడగండి.