లండన్ గడియారం, బషీర్‌బాగ్ టైము

లండన్‌లో తప్పు లేకుండా నడిచే గ్రాండ్‌ఫాదర్ క్లాక్‌ను తెచ్చి బషీర్‌బాగ్‌లో నిలబెట్టండి. రోజుకు రెండు నిమిషాలు వెనకబడుతుంది. దారిలో దెబ్బ తగిలి కాదు, దుమ్ము పట్టీ కాదు. భూమి లాగే బలం అక్కడికన్నా ఇక్కడ కాస్త తక్కువ, అంతే.

మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు డాక్టరుగారింట్లో అచ్చంగా ఇదే జరిగింది. ఇంగ్లండ్‌లో చాలా ఏళ్లు పనిచేసి, రిటైరై, ఇంటి సామానంతా కంటెయినర్‌లో వేసుకుని వచ్చేశారాయన. అందులో ఏడడుగుల పెట్టె గడియారం ఒకటి. లిఫ్టులో పట్టక మెట్ల మీదుగా మోయించారు. వారం తిరక్కుండా ఆయన భార్య నా దగ్గరికొచ్చి, "అక్కడున్నన్నాళ్లూ ఒక్క మాట పడలేదండీ ఇది. ఇక్కడికొచ్చి చెడిపోయింది" అన్నారు. నేను ఫిజిక్సు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. కొన్ని వందల మంది పిల్లల చేత ల్యాబులో లోలకం ప్రయోగం చేయించాను. (గురుత్వ త్వరణం, అంటే జీ విలువ ఎంత రావాలో వాళ్లకు ముందే తెలుసు. చివరి జవాబు నుంచి మొదలుపెట్టి కొలతలు వెనక్కి రాసుకొచ్చేవాళ్లు.) లెక్క నాకు నోటికొచ్చిందే. గురుత్వ త్వరణం లండన్‌లో 981 సెంటీమీటర్లకు కొంచెం పైన, హైదరాబాద్‌లో 978 చిల్లర. ఇక్కడ లోలకం ఒక్కో ఊపుకు ఇసుమంత ఎక్కువ సేపు తీసుకుంటుంది. రోజుకు 86,400 ఊపులు. అన్నీ కూడితే 125 సెకన్ల ఆలస్యం. 1672లో జాన్ రిషే అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త దక్షిణ అమెరికాలోని కయాన్‌కు గడియారం తీసుకెళితే అదీ ఇలాగే రోజుకు రెండున్నర నిమిషాలు వెనకబడింది. భూమి నిఖార్సైన గుండ్రం కాదని, మధ్యలో ఉబ్బుగా ఉందని న్యూటన్ చేసిన వాదనకు ఆ రెండున్నర నిమిషాలు సాక్ష్యమయ్యాయి.

విరుగుడు తేలికే. లోలకాన్ని మూడు మిల్లీమీటర్లకు వెంట్రుకవాసి తక్కువగా పొట్టి చేయాలి. నేను కాగితం మీద లెక్క కట్టేలోపు, అబిడ్స్ గల్లీలో గడియారాలు బాగుచేసే చాచా పెట్టె తలుపు తెరిచి, లోలకం గుండు కింది మరను వేళ్లతో తిప్పేశాడు. "విలాయతీ మాలంతా ఇక్కడ స్లో నడుస్తది మేడమ్. మా అబ్బాజాన్ కాలం నుంచీ గుండు పైకెత్తుడే" అన్నాడు. న్యూటన్ పేరు ఆయన దగ్గర ఎత్తలేదు నేను. డాక్టరుగారి అబ్బాయి దాన్ని ఎప్పటికైనా డల్లాస్ తీసుకెళ్తానంటున్నాడు. తీసుకెళితే అక్కడ రోజుకు దాదాపు 50 సెకన్లు ముందుకు పరిగెత్తుతుంది, గుండు మళ్లీ దించాల్సిందే.

అసలు ఇంత పొడుగు పెట్టె ఎందుకంటే, లోపలి లోలకం దాదాపు మీటరు పొడవు కాబట్టి. 99.4 సెంటీమీటర్ల లోలకం ఒక వైపు నుంచి రెండో వైపుకు సరిగ్గా ఒక సెకనులో వెళుతుంది. లోలకాన్ని గడియారానికి తగిలించినవాడు డచ్ శాస్త్రవేత్త క్రిస్టియన్ హైగెన్స్, 1656లో. అంతకుముందు గడియారం రోజుకు పావుగంట తేడా చూపినా మంచి గడియారమే అనేవాళ్లు. నిమిషాల ముల్లు పెట్టినా దానికి పరువుండేది కాదు. లండన్‌లో స్థిరపడ్డ ఫ్రామాంటీల్ అనే గడియారాల కుటుంబం తమ కుర్రాణ్ణి హేగ్‌కు పంపింది, హైగెన్స్ పనివాడి దగ్గర కిటుకు నేర్చుకు రమ్మని. 1658 నాటికి లండన్ పత్రికలో ప్రకటన కూడా ఇచ్చేశారు. వ్యాపారమంటే అదీ.

కానీ ఆ తొలి లోలకాలు పొట్టివి. చక్రాన్ని ఒక్కొక్క పన్నుగా ఆపి వదిలే పాత పద్ధతిలో లోలకం చాలా వెడల్పుగా ఊగాలి. మీటరు లోలకం అంత వెడల్పున ఊగాలంటే పెట్టె బీరువా అంత కావాలి. 1670 ప్రాంతంలో లంగరు ఆకారపు చిన్న ఉక్కు ముక్క ఒకటి వచ్చి ఈ చిక్కు విప్పింది. దాని రెండు కొసలు చక్రం పళ్లను వంతులవారీగా పట్టి వదులుతాయి, లోలకం నాలుగైదు డిగ్రీలు ఊగితే చాలు. దీన్ని కనిపెట్టింది విలియం క్లెమెంటా, జోసెఫ్ నిబ్బా, రాబర్ట్ హుక్కా అని ఇప్పటికీ వాదిస్తున్నారు. మీటరు లోలకం సన్నటి పెట్టెలో ఇమిడింది, దానికి సెకన్ల ముల్లు వచ్చింది, ఎనిమిది రోజులకోసారి కీ ఇస్తే సరిపోయింది. పెట్టె లోపల వేలాడే రెండు బరువుల్లో ఒకటి గడియారాన్ని నడుపుతుంది, రెండోది గంట కొడుతుంది.

ఈ వృత్తికి మకుటం లాంటివాడు థామస్ టాంపియన్. 1639లో పుట్టాడు, ఇంగ్లండ్ పల్లెటూరి కమ్మరి కొడుకు. 1676లో గ్రీనిచ్ అబ్జర్వేటరీకి పదమూడడుగుల లోలకాలతో రెండు గడియారాలు చేసి ఇచ్చాడు, కీ ఏడాదికోసారి ఇవ్వాలి. జీవితకాలంలో ఆయన పేరుతో దాదాపు 650 గడియారాలు, 5,500 జేబు గడియారాలు బయటికొచ్చాయి. ఒక మనిషి రెండు చేతులతో అయ్యే పనేనా? కాదు. ఫ్లీట్ స్ట్రీట్ దగ్గరి ఆయన పనిశాలలో చక్రాలు కోసేవాళ్లు వేరు, స్ప్రింగులు చేసేవాళ్లు వేరు, నగిషీ చెక్కేవాళ్లు వేరు. ఆయన సాధించింది వాళ్లందరి పనినీ ఒక దారిలో పెట్టడం. ఆ పనిశాలలోనే ఎదిగి, ఆయన తమ్ముడి కూతురిని పెళ్లాడిన జార్జి గ్రాహం మరో అడుగు వేశాడు. ఎండకు ఉక్కు కడ్డీ సాగి లోలకం పొడవైతే గడియారం నెమ్మదిస్తుంది. గ్రాహం గుండు స్థానంలో పాదరసం నింపిన గాజు కూజా తగిలించాడు. కడ్డీ కిందికి సాగినంతగా పాదరసం పైకి పొంగుతుంది, లెక్క అక్కడికక్కడే చెల్లు. 1720లలో చేసిన ఈ పని కన్నా అందమైన ఫిజిక్సు ప్రయోగం నాకు తెలియదు. గురుశిష్యులిద్దరినీ వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఒకే సమాధిలో ఉంచారు.

ఇక బ్రాకెట్ క్లాక్. బల్ల మీదో, గోడకు కొట్టిన చిన్న అరుగు మీదో కూర్చునే పొట్టి గడియారం ఇది. బరువులు వేలాడే చోటు లేదు కాబట్టి స్ప్రింగుతో నడుస్తుంది. స్ప్రింగుకు ఒక జబ్బుంది: కీ ఇచ్చిన రోజు బలంగా లాగుతుంది, వారం చివరికి నీరసిస్తుంది. అందుకని లోపల శంఖంలా సన్నగా మొదలై లావయ్యే ఒక గాడి డోలు పెట్టారు. స్ప్రింగు బలంగా ఉన్నప్పుడు గొలుసు సన్నటి చోట లాగుతుంది, నీరసించేకొద్దీ లావుపాటి చోటికి జరుగుతుంది. సైకిల్‌కు గేరు మార్చినట్టే. ఎటు తిప్పినా చక్రాలకు అందే బలం ఒక్కటే. వీటి నెత్తిన పిడి ఉండటానికీ కారణముంది. పగలు హాల్లో, రాత్రి పడకగదిలో, ఒకే గడియారాన్ని మోసుకు తిరిగేవాళ్లు. అగ్గిపెట్టెలు లేని రోజులు. అర్ధరాత్రి మెలకువొస్తే దీపం వెలిగించడం పెద్ద పని, పక్కనున్న తాడు లాగితే అదే గంటలు కొట్టి టైము చెప్పేది. ఇలా చేత్తో మోసే వస్తువు కాబట్టి వెనక పలక కూడా కంటపడుతుంది. అందుకే ఆ ఇత్తడి పలక మీద లతలూ పువ్వులూ చెక్కించారు.

మన ఊళ్లో అందరికీ తెలిసిన ఇంగ్లిష్ బ్రాకెట్ క్లాక్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉంది. సెకను సెకనుకూ సుత్తి వేసే కమ్మరి, గంట గంటకూ తలుపు తీసుకుని వచ్చి గంట మోగించే గడ్డపాయన. మధ్యాహ్నం పన్నెండు దెబ్బల కోసం మ్యూజియం మొత్తం అక్కడే ఉంటుంది. శుక్రవారం సెలవు, గుర్తుంచుకోండి. దీన్ని 'ఇంగ్లండ్‌కు చెందిన కుక్ అండ్ కెల్వీ' చేసిందని చాలా చోట్ల రాస్తారు, గైడ్లూ చెబుతారు. కుక్ అండ్ కెల్వీ ఇంగ్లండ్ కంపెనీ కాదు. 1858లో కలకత్తాలో మొదలైన నగల, వెండి సామాను, గడియారాల దుకాణం. యంత్రభాగాలు ఇంగ్లండ్ నుంచి తెప్పించి కలకత్తాలో కూర్చి అమ్మారు. మద్రాసు మౌంట్ రోడ్డులో పి. ఓర్ అండ్ సన్స్ దుకాణమూ అంతే. విలాయతీ గడియారాల మీద తమ పేరు వేసి అమ్మేది. ఇది మోసం కాదు, ఆనాటి వ్యాపార మర్యాదే అది. డయలు మీద పేరు అమ్మినవాడిది, పూచీ వాడిది. చక్రాలు కోసినవాడు లంకాషైర్‌లోనో, లండన్ క్లర్కెన్‌వెల్ వీధుల్లోనో పేరు లేకుండా కూలి తీసుకున్నాడు.

డాక్టరుగారి గడియారానిదీ ఇదే కథ. డయలు మీద ఇంగ్లండ్‌లోని ఒక చిన్న ఊరు, ఒక మనిషి పేరు. వాళ్లింట్లో ఆ పేరును పూర్వీకుడి పేరులా పలుకుతారు. చాచా పెట్టె పైకప్పు ఊడదీసి, డయలు విప్పి వెనక్కి తిప్పాడు. డయలుకూ యంత్రానికీ మధ్య ఒక ఇనప పలక, దాని మీద పోత అక్షరాల్లో 'ఆస్బర్న్'. బర్మింగ్‌హామ్ డయళ్ల తయారీదారు అతను. 1772లో ఆస్బర్న్, విల్సన్ అనే ఇద్దరు తెల్లరంగు పూసి పువ్వులు వేసిన ఇనప డయళ్లు చేసి అమ్మకానికి పెట్టారు. దేశమంతా ఊరూరి గడియారాలవాళ్లు అవి కొని, కొన్న యంత్రానికి బిగించి, ఊళ్లో వడ్రంగి చేత పెట్టె చేయించి, చివర్న తమ పేరు రాయించుకున్నారు. "ముఖం చూసి కొనకండి మేడమ్, వీపు చూడండి" అంటాడు చాచా. నాకైతే ఈ వీపు కథే ఇష్టం. దాచిపెట్టిన టాంపియన్ దొరికాడని ఎవరైనా చెబితే మాత్రం నమ్మను. అలాంటి పేర్లు ఆ కాలంలోనే దొంగచాటుగా వేసుకునేవాళ్లు.

మన పేటకూ గడియారాలకూ చుట్టరికముంది. పాయిగా వంశానికి చెందిన బషీరుద్దౌలా సర్ ఆస్మాన్ జా కట్టించుకున్న మహల్ వల్లే ఇది బషీర్‌బాగ్ అయింది. మహల్ ఇప్పుడు లేదు. ఆయన నిజాంకు ప్రధానిగా ఉన్నప్పుడే, 1889లో, చార్మినార్ నాలుగు ముఖాలకూ గడియారాలు వచ్చాయి. 1892 నాటి మహబూబ్ చౌక్ గడియార స్తంభం కట్టించింది కూడా ఆయనే. టైము దేవిడీల గోడల లోపలి సొత్తుగా మిగలకుండా, వీధిలోవాడు తలెత్తి చూసుకునేదైంది ఇలాంటి గడియారాల వల్లే. ఎల్బీ స్టేడియం పక్కనున్న ఫతే మైదాన్ గడియార స్తంభం నవాబ్ జఫర్ జంగ్ పేరు మోస్తుంది. ఈ జఫర్ జంగే పదిహేను అంగుళాల గ్రబ్ టెలిస్కోపు తెప్పించి 1901లో ఫిసల్‌బండలో సొంత అబ్జర్వేటరీ పెట్టాడు. ఆయన పోయాక, 1908లో, ప్రభుత్వం తీసుకుని బేగంపేటకు మార్చింది. అదే నిజామియా అబ్జర్వేటరీ. నక్షత్రం ఎప్పుడు దాటిందో చెప్పడానికి గడియారం కావాలి, గడియారం సరిగ్గా ఉందో లేదో చెప్పడానికి నక్షత్రం కావాలి. రెండింటి మీదా డబ్బు పెట్టిన నవాబు నాకు ఈయన ఒక్కడే తెలుసు.

దక్షిణాదికి వచ్చిన ఇంగ్లిష్ గడియారాల్లో నేను నమస్కారం పెట్టేది మాత్రం హైదరాబాద్‌లో లేదు. జాన్ షెల్టన్ అనే లండన్ పనివాడు గ్రాహం పద్ధతిలోనే ఖగోళ గడియారాలు చేశాడు. 1769లో శుక్రుడు సూర్యుడి మీదుగా దాటడం చూడటానికి కెప్టెన్ కుక్ తాహితీకి పట్టుకెళ్లింది షెల్టన్ గడియారమే. దాని తోబుట్టువు ఒకటి మద్రాసు అబ్జర్వేటరీకి చేరింది. 1792లో నుంగంబాకంలో కట్టిన ఆ అబ్జర్వేటరీ రాతి స్తంభం మీద తమిళంతో పాటు తెలుగులోనూ శాసనముంది. మద్రాసు అబ్జర్వేటరీ టైమునే రైళ్లు దేశమంతా చాలాకాలం పాటించాయి. 1906లో భారత ప్రామాణిక సమయం వచ్చింది, మరుసటి ఏడాది మన నాంపల్లి స్టేషను తెరిచారు. షెల్టన్ గడియారం ఇప్పుడు కొడైకెనాల్ అబ్జర్వేటరీలో ఉంది.

ఇలాంటి గడియారం మీ ఇంట్లో ఉంటే కొన్ని మాటలు. ఇల్లు మారేటప్పుడు లోలకం, బరువులు ముందు విప్పండి. తగిలించి ఉంచి మోస్తే లోలకాన్ని పట్టి ఉంచే సన్నటి ఉక్కు రేకు విరుగుతుంది. పెట్టెను గోడకు స్క్రూతో బిగించండి, లేకపోతే బరువులు లోలకం పొడవుకు సమంగా దిగిన రోజున పెట్టె కూడా వాటితో ఊగి గడియారం ఆగిపోతుంది. గంట కొట్టే గడియారం ముల్లు వెనక్కి తిప్పకండి. కొబ్బరినూనె పొయ్యకండి (పోసినవాళ్లను చూశాను). టిక్కుకూ టాక్కుకూ మధ్య ఎడం సమానంగా వినబడకపోతే పెట్టె ఒరిగి ఉందని అర్థం, యంత్రం జోలికి పోకుండా ముందు కాళ్ల కింద చెక్కముక్క సర్దండి. ఇక మే నెలలో రోజుకు ఐదో ఆరో సెకన్లు వెనకబడితే అది ఉక్కు కడ్డీ ఎండకు సాగడమే. మర ముట్టుకోకండి, డిసెంబరు చలికి అదే దారికొస్తుంది.