నల్లమల గాలిలో మాటలు

రేడియో స్కానర్ మాట్లాడదు, వింటుంది. సెకనుకు పదుల ఫ్రీక్వెన్సీలు గాలిస్తూ, మాట దొరికిన చోట ఆగుతుంది. మార్కాపురం ఆకాశవాణి ఎఫ్‌ఎం వినిపించేది 88–108 మెగాహెర్ట్జ్‌లో. దానికి పైన 136–174 మధ్య పోలీసు, అటవీ, రైల్వే వైర్‌లెస్ సెట్లు ఎక్కువగా పనిచేస్తాయి.

నల్లమలలో ఆ సెట్లే ప్రాణాధారం. రైలు గిద్దలూరు, దిగువమెట్ట దాటి అడవిలోకి దూరాక, బస్సు దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కాక సెల్‌ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల అందదు. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో వేటగాళ్ల జాడైనా, మంటల కబురైనా బేస్‌క్యాంపుకు చేరాలంటే వైర్‌లెస్ కావాలి. అదే కబురు స్కానర్ ద్వారా వేటగాడి చెవిన పడితే పులికే కాదు, కాలినడకన కాపలా తిరిగే మనిషికీ ముప్పే.

ఇతరుల మాటలు వినేందుకు స్కానర్లను విప్పి మార్చే అలవాటు అమెరికాలో 1980లలో బాగా పాకింది. రేడియో షాక్ కంపెనీ అమ్మిన ప్రో-2004 స్కానర్‌లో సెల్‌ఫోన్ల ఫ్రీక్వెన్సీ పట్టీని కంపెనీయే మూసేసింది. లోపల ఒక్క డయోడ్ తీసేస్తే అది తెరుచుకునేది. అనలాగ్ ఫోన్ల మాటకు అప్పట్లో ఏ మరుగూ లేదు. అలా సులువుగా మార్చగల స్కానర్ల తయారీని, దిగుమతిని అక్కడ 1994లో నిషేధించారు. 1996 డిసెంబరులో అమెరికా ప్రతినిధుల సభ స్పీకర్ న్యూట్ గింగ్రిచ్ ఫోన్ సంభాషణను స్కానర్‌తో విని రికార్డు చేసిన ఫ్లోరిడా దంపతులకు చెరో 500 డాలర్ల జరిమానా పడింది.

భారత్‌లో 1995 నుంచి విస్తరించిన సెల్‌ఫోన్లు డిజిటల్ కాబట్టి ఆ డయోడ్ కిటుకు ఇక్కడ పనికి రాలేదు. ఇప్పుడు స్క్రూడ్రైవరే అక్కర్లేదు. ఆర్‌టీఎల్2832యు చిప్ ఉన్న టీవీ డాంగిల్ కంప్యూటర్‌కు తగిలిస్తే స్కానర్ అయిపోతుంది. ఎన్‌క్రిప్ట్ చేసిన మాట మాత్రం దానికీ ఉత్త గరగరే.

మన దేశంలో 1933 వైర్‌లెస్ చట్టం ప్రకారం లైసెన్సు గానీ మినహాయింపు గానీ లేని పరికరం దగ్గర ఉంచుకోవడమే నేరం. ఇంట్లో రేడియోకు పోస్టాఫీసులో లైసెన్సు రుసుం కట్టిన తరానికి ఆ పట్టు తెలుసు. వినే సెట్టుకు తొలిసారి జరిమానా గరిష్ఠంగా వంద రూపాయలు. ట్రాన్స్‌మిటర్‌కు మూడేళ్ల జైలు దాకా. అయితే 2023 టెలికమ్యూనికేషన్ల చట్టంలోని 42వ సెక్షన్ 2024 జూన్ 26న అమల్లోకి వచ్చింది. ఎవరి సందేశాన్నయినా అక్రమంగా మధ్యలో పట్టుకుంటే మూడేళ్ల వరకు జైలు, రెండు కోట్ల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. వందకూ రెండు కోట్లకూ మధ్య ఉన్న దూరమే అసలు సంగతి: చట్టం చూపు పెట్టె మీద నుంచి మాట మీదికి మళ్లింది. అది న్యాయమైన మార్పు.

సెట్లు విప్పాలని, కట్టాలని తపించే పిల్లలకు సక్రమమైన దారి హామ్ (అమెచ్యూర్ రేడియో) లైసెన్సు. పన్నెండేళ్లు నిండితే పరీక్ష రాయవచ్చు. హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ 1983 నుంచి ఈ విద్య నేర్పుతోంది. 2004 సునామీ వచ్చిననాడు ఆ సంస్థ తరఫున అండమాన్‌లో ఉన్న భారతీ ప్రసాద్ బృందం హామ్ సెట్లతోనే బయటి లోకానికి కబుర్లు చేరవేసింది. హామ్ లైసెన్సు ఉన్నా పోలీసు సెట్టు వినడానికి మాత్రం అది అనుమతి కాదు.