గాలికి మోయడమే తెలుసు

పలక రాయిని లారీలో పడుకోబెట్టకూడదు, అంచు మీద నిలబెట్టాలి. మార్కాపురం పలకల పని తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. రాయి నలిపితే ఓర్చుకుంటుంది, వంచితే ఓర్చుకోదు. పడుకోబెట్టిన దొంతి గతుకులో పడిందంటే పైవాటి బరువంతా మీదపడి అడుగు పలక నడిమికి విరుగుతుంది. నిలబెడితే ఏ పలక బరువు ఆ పలకే మోసుకుంటుంది. ఒకప్పటి కడలి అడుగున పేరుకున్న బురద కోట్ల ఏళ్ల ఒత్తిడికీ వేడికీ పొరలుగా చీలే రాయి అయింది. ఈ రాతి పొరలకు భూగర్భ శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు కంభం ఫార్మేషన్. మన కంభం పేరే.

అదే లారీ కింద ఇంకో దొంతి ఉంటుంది. అదీ పొరలు పొరలుగానే ఉంటుంది, కానీ దాన్ని పడుకోబెట్టే బిగిస్తారు. వంగడమే దాని ఉద్యోగం. అవే కమాను కట్టలు. పైన పొడవాటి మెయిన్ పట్టీ, దాని కింద ఒకదానికంటే ఒకటి పొట్టిగా మిగతా పట్టీలు, నడుమ సెంటర్ బోల్టు, ఇరుసుకు కలిపి పట్టే యూ బోల్టులు. గతుకు వచ్చినప్పుడు పట్టీలన్నీ కలిసి వంగుతాయి, ఒకదానిమీద ఒకటి జారుతాయి. విడివిడిగా జారే పొరలు కాబట్టే విరక్కుండా అంతగా వంగగలవు.

గుర్రబ్బండ్ల కాలంలోనే ఈ కమానుకు పేరొచ్చింది. 1804లో లండన్‌లో ఒబదయా ఇలియట్ అనే బండ్ల తయారీదారు రెండు కమానులను ఎదురెదురుగా కలిపి కోడిగుడ్డు ఆకారపు స్ప్రింగుగా చేసి పేటెంటు పొందాడు. గుర్రాలు పోయి ఇంజన్లు వచ్చినా కమాను మాత్రం పోలేదు. పాత జీపులకు నాలుగు మూలలా అదే. 1988లో టాటామొబైల్ పేరుతో వచ్చిన పికప్‌కు వెనక ఇరుసు మీదా అదే. మన ఊళ్లకు తిరిగే పల్లెవెలుగు బస్సులను ఇంకా మోస్తున్నదీ అదే.

ఇంత ఆయుష్షుకు కారణం ఉంది. కమాను ఒక్కటే మూడు పనులు చేస్తుంది. బరువు మోస్తుంది. ఇరుసు ముందుకూ వెనక్కూ పక్కలకూ కదలకుండా పట్టుకుంటుంది. పట్టీల మధ్య రాపిడితో ఊగుడును కొంత అణుస్తుంది. మూడు పనులూ ఒకే ఇనుము చేస్తున్నందువల్ల అవి మూడని మనం గమనించం. కమాను ఊడదీసి దాని జాగాలో గాలిని పెట్టాలనుకున్న రోజున గానీ ఆ లెక్క బయటపడదు.

ఖాళీ బండి ఎందుకు ఎగురుతుంది

"లోడుంటే ఉయ్యాల మాదిరి పోతాది అన్నా, ఖాళీగా వస్తే మాత్రం నడుం ఇరిగిపోతాది." పికప్ తోలేవాళ్లు ఎవరైనా చెప్పే మాటే ఇది. దీని వెనక చిన్న లెక్క ఉంది.

స్ప్రింగు మీద బరువు ఎంత లయతో ఊగుతుందనేది రెండింటి మీద ఆధారపడుతుంది. స్ప్రింగు ఎంత గట్టిది, దాని మీద బరువెంత. సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్లు ఊగితే ఒంటికి హాయిగా ఉంటుంది. లయ పెరిగేకొద్దీ ఊగుడు కాస్తా కుదుపు అవుతుంది. ఒక పికప్ వెనక ఇరుసు మీద ఖాళీగా 500 కిలోలు, సరుకుతో 1500 కిలోలు పడతాయనుకుందాం. నిండు బరువుకు కమాను 11 సెంటీమీటర్లు కుంగేలా ఉంటే బండి సెకనుకు ఒకటిన్నర సార్లు ఊగుతుంది. సరుకు దించేస్తే గట్టితనం అంతే ఉంటుంది, బరువు మాత్రం మూడో వంతుకు దిగుతుంది. అప్పుడు లయ రెండున్నర దాటుతుంది. నిండు లోడుకు తగ్గట్టు చేసిన ఇనుము ఖాళీ బండిని బంతిలా ఎగరేస్తుంది. పోనీ మెత్తటి కమాను వేద్దామంటే నిండు బరువుకు బండి నేలకు కూర్చుంటుంది. హెల్పర్ పట్టీలు వేసి మధ్యేమార్గం పడతారు గానీ బరువు మారినప్పుడల్లా తన గట్టితనం తాను మార్చుకునే విద్య ఇనుముకు లేదు.

గాలికి ఉంది. సైకిల్ పంపు మూతిని బొటనవేలితో గట్టిగా మూసి పిడి నొక్కి చూడండి. మొదట మెత్తగా దిగుతుంది, పోనుపోను మొండికేస్తుంది. చేయి తీస్తే వెనక్కి తంతుంది. ఆ తన్నే స్ప్రింగు. మూసిన గాలి పరిమాణం సగానికి తగ్గితే పీడనం రెట్టింపవుతుందని రాబర్ట్ బాయిల్ 1662లోనే ప్రకటించాడు. ఇక్కడ అసలు లాభం ఇంకొకటి. కమాను జాగాలో గాలి నింపిన రబ్బరు బెలూన్ పెడితే, సరుకు పెరిగినప్పుడు అందులోకి ఇంకాస్త గాలి ఎక్కించి బండి ఎత్తును పాత చోటికే తేవచ్చు. పీడనంతో పాటే గట్టితనమూ పెరుగుతుంది. బరువూ గట్టితనమూ కలిసి పెరుగుతాయి కాబట్టి లయ దాదాపు మారదు. ఖాళీ బండైనా నిండు బండైనా ఊగుడు ఒకలాగే ఉంటుంది.

దానికి గాలి ఎంత కావాలి? 16 సెంటీమీటర్ల వ్యాసమున్న బెలూన్ మోసే వైశాల్యం సుమారు 200 చదరపు సెంటీమీటర్లు. దాని మీద 700 కిలోలు పడితే చదరపు సెంటీమీటరుకు మూడున్నర కిలోలు, అంటే పంక్చర్ షాపు భాషలో 50 పౌండ్లు. లారీ టైరులో కొట్టే గాలి ఇంతకు రెట్టింపు ఉంటుంది.

అటకెక్కి దిగిన ఆలోచన

గాలి మీద బండి నడపడం కొత్త ఊహేం కాదు. స్కాట్లండ్‌కు చెందిన రాబర్ట్ థామ్సన్ 1845లోనే గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు. 1888లో డన్‌లప్ సైకిలుకు అమర్చేదాకా లోకం దాన్ని పట్టించుకోలేదు. గాలిని చక్రంలో కాక చక్రానికీ బండికీ మధ్య పెట్టాలంటే మాత్రం ఒక చిక్కు వచ్చింది. కదిలే వస్తువులో గాలిని కారకుండా ఎలా ఆపాలి? 1901లో బ్రిటిష్ ఇంజనీరు ఆర్చిబాల్డ్ షార్ప్ ఒక ఉపాయం పట్టాడు. రబ్బరును రుద్దుకోనివ్వకుండా, మేజోడును తిరగేసేటప్పుడు మడత కిందికి జారినట్టు దొర్లనిచ్చాడు. రాపిడి లేదు కనుక అరుగుదల తక్కువ, కారుడూ తక్కువ. ఆ పద్ధతితో 1909 నుంచి ఎ.ఎస్.ఎల్. పేరున మోటారు సైకిళ్లు కూడా తయారయ్యాయి. ఇవాళ బస్సు కింద కనిపించే బెలూన్లలో చాలావాటికి ఆ దొర్లే మడతే ప్రాణం.

కార్లలో మాత్రం గాలికి చేదు అనుభవమే ఎదురైంది. 1957లో కాడిలాక్ ఎల్డొరాడో బ్రౌమ్ అనే ఖరీదైన కారు గాలి స్ప్రింగులతో వచ్చింది. మరుసటి ఏడు అమెరికాలో చాలా కార్లకు అదొక హంగు అయింది. వాల్వులు కారాయి, గొట్టాల్లో తేమ చేరింది, తెల్లారేసరికి కార్లు నేలకు కూర్చుని కనిపించాయి. చాలామంది యజమానులు వాటిని పీకించి మామూలు స్ప్రింగులు వేయించుకున్నారు. కొద్ది ఏళ్లలోనే కంపెనీలూ వదిలేశాయి.

బస్సుల్లో కథ వేరు. ఫైర్‌స్టోన్ కంపెనీ 1930ల నుంచీ బెలూన్ల మీద ప్రయోగాలు చేసింది. 1953లో జనరల్ మోటార్స్ తన దూరప్రయాణపు బస్సును గాలి స్ప్రింగులతో దించింది. అది నిలబడింది. ఎందుకంటే బస్సుకు గాలి బ్రేకులు ఉంటాయి. కంప్రెసర్, ట్యాంకు, గొట్టాలు, రోజూ వాటిని చూసుకునే మెకానిక్కు అప్పటికే ఉన్నారు. కారులో గాలి కొత్త చుట్టం, బస్సులో ఇంటి మనిషి. మన దేశంలో 2001లో వోల్వో బస్సులు వచ్చాక ఆ సుఖం మామూలు ప్రయాణికుడికీ తెలిసింది. వెనక చక్రం మీది సీట్లో కూర్చుని పల్లెవెలుగులో ఒకసారి, వోల్వోలో ఒకసారి పోయినవాళ్లకు ఇక వివరించాల్సింది లేదు.

పాత పికప్ కింద

ఇప్పుడు పాత పికప్‌కు గాలి బెలూన్లు బిగించాలనే ముచ్చట పుట్టిందనుకుందాం. ముందు కాగితం పని. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ధ్రువీకరించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఆ మాటే గట్టిగా చెప్పింది. స్పానర్ పట్టకముందే రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

తర్వాత అసలు ప్రశ్న: కమాను ఉంచాలా, తీయాలా? ఉంచి, దానికి తోడుగా చాసిస్‌కూ ఇరుసుకూ మధ్య చిన్న బెలూన్ పెట్టుకోవడం సులువు. ఇరుసును పట్టుకునే పని కమానే చూసుకుంటుంది, అదనపు బరువు గాలి మోస్తుంది. కమాను పూర్తిగా తీసేస్తేనే దాని మూడు ఉద్యోగాలూ ఒకేసారి ఖాళీ అవుతాయి. బెలూన్ చేరేది ఒక్కదానిలోనే. గాలికి మోయడమే తెలుసు, పట్టుకోవడం తెలియదు. పట్టుకునే చేతులేవీ అమర్చకుండా బెలూన్ల మీద నిలబెట్టిన ఇరుసు బ్రేకు వేయగానే ఎటైనా పోతుంది.

అందుకే చాసిస్ నుంచి ఇరుసుకు ఇనుప చేతులు వేయాలి. సాధారణంగా కింద రెండు, పైన రెండు. కొసల్లో రబ్బరు బుష్‌లు. ఇరుసు ముందుకూ వెనక్కూ పోకుండా, బ్రేకు పడ్డప్పుడు మెలి తిరగకుండా ఇవి ఆపుతాయి. పక్కలకు జారకుండా ఒక అడ్డ కడ్డీ ఉండాలి, లేదా పై చేతులను ఏటవాలుగా బిగించాలి. ఊగుడును అణచడానికి మంచి షాక్ అబ్జార్బర్లు కావాలి, పట్టీల రాపిడి ఇక లేదు కదా. గాలి హఠాత్తుగా పోతే ఇరుసు చాసిస్‌ను కొట్టకుండా రబ్బరు దిమ్మెలూ ఉండాలి.

బెలూన్ కూర్చునే చోటును ఎంచడం ఓపికతో కూడిన పని. బండి మామూలు ఎత్తులో నిలబడినప్పుడు పై ప్లేటూ కింది ప్లేటూ ఒకదానికొకటి సమంగా, నడుమకు నడుమ వచ్చేలా ఉండాలి. కుంగినప్పుడు బెలూన్ పక్కలకు ఉబ్బుతుంది. టైరు, సైలెన్సర్ గొట్టం, బ్రేకు పైపు ఏదీ అప్పుడు కూడా దాన్ని తాకకూడదు. జాకీతో ఇరుసును అడుగు నుంచి పైదాకా లేపి దించి, ప్రతి ఎత్తులోనూ వేలు దూర్చి చూసుకోవాలి. గరుకు ఇనుప అంచు ఒక్కటి చాలు రబ్బరు తెగడానికి.

చాసిస్‌కు బెజ్జం ఎక్కడ పెట్టాలనేది ఇంకో పాఠం. పచ్చి వేపపుల్లను మెల్లగా వంచి చూడండి. బయటి వైపు బెరడు చిట్లుతుంది, లోపలి వైపు ముడుచుకుంటుంది, నడుమ మాత్రం నిశ్చింతగా ఉంటుంది. చాసిస్ దూలమూ అంతే. పై అంచూ కింది అంచూ సాగుడూ నలుగుడూ భరిస్తుంటాయి. అక్కడ బెజ్జం పెడితే పగులుకు దారి చూపినట్టే. నిలువు గోడ మధ్య భాగంలో, అంచులకు దూరంగా పెడితే దూలానికి నొప్పి తెలియదు.

పాత పికప్‌కు గాలి బ్రేకులుండవు. అందుకే బ్యాటరీతో నడిచే చిన్న కంప్రెసరూ ట్యాంకూ తెచ్చుకోవాలి. ఎడమ బెలూన్‌నూ కుడి బెలూన్‌నూ ఒకే గొట్టంతో బాహాటంగా కలిపేస్తే ఖర్చు తగ్గుతుందనిపిస్తుంది. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు గానీ, గిద్దలూరు నుంచి నంద్యాల వైపు నల్లమలలోకి మళ్లేటప్పుడు గానీ ఆ పొదుపు సంగతి తేలుతుంది. మలుపులో బరువు బయటి వైపుకు ఒరుగుతుంది. నొక్కుడు పడిన బెలూన్‌లోని గాలి గొట్టం గుండా లోపలి వైపుకు పారిపోతుంది. ఏ పక్క బలం కావాలో ఆ పక్కే మెత్తబడి బండి ఇంకా ఒరుగుతుంది. ఎడమ కుడి గాలి వేర్వేరుగా ఉండాలి. అది సౌకర్యం సంగతి కాదు, ప్రాణం సంగతి.

చివరి పరీక్షకు ఖరీదైన యంత్రమేమీ అక్కర్లేదు. గిన్నెడు నీళ్లలో సబ్బు నురగ, ఒక పాత బ్రష్షు. ప్రతి జాయింటుకూ పూసి కాసేపు చూస్తూ కూర్చోవాలి. ఒకచోట ఆవగింజంత బుడగ లేస్తుంది, పెసరగింజంత అవుతుంది, పగులుతుంది. మళ్లీ అక్కడే ఇంకోటి. గొట్టం కొస వంకరగా కోసి ఉంటుంది. సమంగా కోసి మళ్లీ దూర్చి, మళ్లీ సబ్బు పూయాలి. రాత్రంతా బండిని అలాగే వదిలి, పొద్దున్నే టేపు పెట్టి ఎత్తు కొలవాలి. ఎల్డొరాడో యజమానులను ఏడిపించింది ఈ ఆవగింజంత బుడగలే.

పని ముగిశాక షెడ్డులో ఒక మూల ఊడదీసిన కమాను కట్ట మిగులుతుంది. దాన్ని ఎవరూ పారేయరు. కమాను ఉక్కు అంటే కొలిమి దగ్గర గిరాకీ. పట్టీని ఎర్రగా కాల్చి సాగదీస్తే కొడవలి అవుతుంది, గొడ్డలి అవుతుంది. కొస సన్నగా కొట్టి నీళ్లు పెడితే ఉలి అవుతుంది. ఇన్నేళ్లూ పలకల కింద వంగుతూ వచ్చిన ఇనుము ఇక నిలువుగా పలక అంచున నిలబడుతుంది. పైన సుత్తి పడితే, పొర వెంట పొర, రాయిని చీలుస్తుంది.