టెలిఫోను మోసము: అటుపిమ్మటి కర్తవ్యము

దొంగలు పడిన ఆఱు నెలలకు కుక్కలు మొఱిగినవని మన పెద్దలొక సామెత చెప్పుదురు. పూర్వపు దొంగ అర్ధరాత్రమున గోడకు కన్నము వేసి వచ్చెడివాడు. తెల్లవారునప్పటికి ఆ కన్నము ఊరివారందఱికిని కనబడెడిది. నేటి దొంగ పట్టపగలు టెలిఫోనులో మర్యాదగా పలుకరించి, మనచేతనే తలుపు తీయించి, మనచేతనే పెట్టె తాళము తెఱపించి పోవుచున్నాడు. గోడకు కన్నముండదు, ఇంటిలో చెంబైన కదలదు. కావున సొమ్ము పోయిన సంగతి తెలిసిన ఒక్కరు సిగ్గుచే నోరు మూసికొన్నచో, తక్కినవారికి నెలలు గడచినను తెలియదు. దొంగకు కావలసినదియు ఆ మౌనమే.

సోదరీమణులారా! కంప్యూటరు బాగుచేయుదుమన్న నెపముతో టెలిఫోనులో జరుగు మోసమును గూర్చియు, ముఖ్యముగా అది జరిగిపోయిన తరువాత ఇంటివారు చేయవలసిన పనిని గూర్చియు ఇచ్చట వ్రాయుచున్నాము. మోసపోవలదని హితవు చెప్పువారు పలువురు కలరు. మోసపోయిన మఱునిమిషమున చేయి పట్టుకొని దారి చూపువారు కొందఱే.

ఈ విద్య సుమారు 2008 మొదలుకొని అమెరికా, బ్రిటను, ఆస్ట్రేలియా దేశముల ప్రజలమీద, అందును వృద్ధులమీద విశేషముగా ప్రయోగింపబడుచున్నది. పిలుచువారిలో ననేకులు కలకత్తా, ఢిల్లీ, నోయిడా, గురుగ్రామము మొదలగు మన నగరములనుండియే పిలుచుచున్నారన్నది మనము తలవంచుకొనవలసిన మాట. 2012 అక్టోబరులో అమెరికా ప్రభుత్వమువారి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇట్టి ముఠాలపై వ్యాజ్యములు వేసినది. 2023 అక్టోబరులో మన సి.బి.ఐ. వారు ఈ జాతి మోసములకై దేశమున 76 చోట్ల సోదా చేసిరి. 2025 మే నెలలో మన అనకాపల్లి జిల్లా అచ్యుతాపురముననే అమెరికావారిని వంచించు కేంద్రమొకటి పట్టుబడినది. 2024వ సంవత్సరమున ఈ తరగతి మోసములవలన తమకు ఫిర్యాదు చేసినవారు పోగొట్టుకొన్న సొమ్ము 146 కోట్ల డాలరులని అమెరికా ఎఫ్.బి.ఐ. వారు లెక్క చెప్పిరి.

ఇది పరదేశపు గొడవ అని తలపరాదు. మనవలను చూడబోయిన మన తల్లిదండ్రులు ఆ దేశమున పగలెల్ల ఒంటరిగా ఇంటనుండి అదే టెలిఫోను ఎత్తుచున్నారు. ఇక స్వదేశమున, కంప్యూటరునకు బదులు చేతిలోని ఫోనుమీదనే అదే విద్య నడచుచున్నది. దూరముననున్నవాడు మన తెఱను చూచుటకు వీలిచ్చు ఎనీడెస్క్ వంటి సాధనములను గూర్చి 2019 ఫిబ్రవరిలోనే రిజర్వు బ్యాంకు బ్యాంకులను హెచ్చరించినది.

మోసము నడచు తీరు

దొంగ చెప్పు మాటలన్నియు అబద్ధములు కావు. అందుచేతనే అవి నమ్మబడుచున్నవి. విండోసు యంత్రములలో ఈవెంట్ వ్యూయరు అను దినచర్య పుస్తకము వంటి దొకటి కలదు. యంత్రమున జరుగు ప్రతి చిన్న సంగతియు అందులో నమోదగును. ఏ రోగమును లేని యంత్రములో సైతము అందు ఎఱ్ఱ గుఱుతులు, పసుపు గుఱుతులు వందలకొలది యుండును. దొంగ వానిని చూపి, “అమ్మా, ఇవి యన్నియు వైరసులు” అనును. నెట్‌స్టాట్ అను ఆజ్ఞ నిచ్చినచో తెఱమీద ‘ఫారిన్ అడ్రస్’ అను శీర్షిక కనబడును. మన యంత్రముతో మాటలాడుచున్న ఆవలి యంత్రముయొక్క చిరునామా అని మాత్రమే దాని యర్థము. దొంగ దానిని చూపి, “విదేశీయులు మీ యింట చొరబడినారు” అని బెదరించును. మఱియొకడు పొడుగైన సంఖ్య నొకటి చదివి, “ఇది మీ యంత్రమునకు మాత్రమే చెందిన సంఖ్య, మీ తెఱమీద సరిచూచుకొనుడు” అనును. అక్షరము పొల్లుపోకుండ సరిపోవును. ఏలయన ఆ సంఖ్య ప్రతి విండోసు యంత్రములోను ఒక్కటియే.

ఇంతకంటె క్రూరమైనది సొమ్ము తిరిగి యిచ్చు నాటకము. నాలుగు వందల డాలరులు మీకు రావలసియున్నవని చెప్పి, బ్యాంకు పుట తెఱపింతురు. ఆ పుటలోని అంకెలను కంటికి వేఱుగా కనబడునట్లు మార్చి, లేదా ఆమె యొక ఖాతాలోని సొమ్మునే ఆమె రెండవ ఖాతాలోనికి త్రిప్పి, నాలుగు వేలు పొరబాటున వచ్చిపడినట్లు చూపుదురు. అంతట పిలిచినవాడు ఏడ్చును. “తల్లీ, నా ఉద్యోగము పోవును, నా పిల్లలు పస్తుందురు, ఆ యెక్కువ సొమ్ము పంపివేయుడు” అని బ్రతిమాలును. ఆ తల్లి అంగడికి పోయి బహుమతి కార్డులు కొని, వాని సంఖ్యలు చదివి వినిపించును. చూడుడు, ఆమెను ముంచినది దురాశ కాదు. పరుల సొమ్ము తనయొద్ద నిలువరాదన్న ధర్మబుద్ధియే ఆమెను ముంచినది.

మొదటి గంట

మోసమని తోచినక్షణమున చేయవలసిన మొదటి పని, మాట మధ్యలోనే టెలిఫోను పెట్టివేయుట. వానికి సమాధానము చెప్పవలసిన పని లేదు, తిట్టవలసిన పనియు లేదు. పిమ్మట యంత్రమునకు ఇంటర్నెట్టు తెంచవలెను. తీగయున్నచో పీకివేయవలెను, వైఫై యున్నచో దాని పెట్టెను ఆర్పవలెను. చేతిఫోనైనచో డేటాను, వైఫైని ఆపివేయవలెను. తీగ తెగినచో వాని చూపు తెగును.

రెండవ పని, ఇంటిలోని వేఱొక ఫోనుతో బ్యాంకును పిలుచుట. పిలువవలసిన సంఖ్యను దొంగ పంపిన సందేశమునుండి గాని, ఇంటర్నెట్టులో వెదకి గాని తీసికొనరాదు. కార్డు వెనుక అచ్చయిన సంఖ్య, పాసుపుస్తకముమీది సంఖ్య నమ్మదగినవి. కార్డును, నెట్ బ్యాంకింగును, యు.పి.ఐ. ని అన్నిటిని ఆపివేయుడని అడుగవలెను. ఫిర్యాదు సంఖ్యను, పిలిచిన వేళను కాగితముమీద వ్రాసికొనవలెను.

మూడవ పని, 1930 అను సంఖ్యకు పిలుచుట. 2021లో కేంద్ర హోంశాఖవారు 155260 అను సంఖ్యతో నెలకొల్పిన సహాయము 2022లో ఈ సంఖ్యకు మారినది. ఇది పనిచేయు తీరు తెలిసినచో దీని విలువ తెలియును. మీ మాట విన్న పోలీసు ఉద్యోగి పోయిన సొమ్ము వివరములను కంప్యూటరు ద్వారా మీ బ్యాంకునకు పంపును. ఆ బ్యాంకు సొమ్ము ఏ బ్యాంకునకు పోయినదో చూచి అచ్చటికి తెలుపును. సొమ్ము అచ్చటనే యున్నచో కదలకుండ పట్టివేయుదురు. ముందునకు పోయినచో తరువాతి బ్యాంకును అడుగుదురు. దొంగ సొమ్మును ఒక ఖాతానుండి మఱియొక ఖాతాకు త్రోయుచు, కడపట నగదుగా తీసికొనును. ఇది పరుగుపందెము. భర్త ఆఫీసునుండి వచ్చినపిమ్మట చెప్పుదమని సాయంకాలమువఱకు వేచియున్న గృహిణి ఆ పందెమున ఓడిపోవును. అట్లు పట్టుబడిన సొమ్ము వెంటనే చేతికి రాదు. సాధారణముగా న్యాయస్థానపు ఉత్తరువుమీద వచ్చును. తెలంగాణములో 2024 మొదలుకొని లోక్ అదాలతుల ద్వారా ఇట్టి సొమ్ము పలువురికి తిరిగి యిప్పింపబడినది.

పిదప హోంశాఖవారి సైబర్ నేరముల వెబ్‌సైటులో గాని, దగ్గఱి పోలీసు ఠాణాలో గాని వ్రాతమూలకముగా ఫిర్యాదు చేయవలెను. లావాదేవీ సంఖ్య, తేది, మొత్తము, పిలిచినవాని ఫోను సంఖ్య, వాడు పంపిన సందేశములు అన్నియు భద్రపఱచవలెను. కోపముతో సందేశములను చెఱిపివేయుట దొంగ జాడను మనమే తుడుచుట యగును.

బ్యాంకునకు ఉత్తరము వ్రాసి రసీదు పుచ్చుకొనవలెను. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఒక ఉత్తరువు నిచ్చినది. తనకుగాని బ్యాంకునకుగాని సంబంధింపని లోపమువలన సొమ్ము పోయినవారు, బ్యాంకునుండి వార్త యందిన మూడు పనిదినములలో తెలిపినచో నష్టము భరింపనక్కఱలేదని అందు కలదు. రహస్యసంఖ్యను తానే చెప్పియుండినచో, బ్యాంకునకు తెలుపువఱకు పోయినది ఖాతాదారునిది. తెలిపిన తరువాత పోయినది బ్యాంకుది. చెప్పుటలో జాప్యము చేసిన ప్రతి గంటకును విలువ కట్టిన వాక్యమిది. తరువాతి మార్పు లేమైన నున్నవేమో బ్యాంకులో అడిగి తెలిసికొనుట మంచిది. ముప్పది దినములలో బ్యాంకు తృప్తికరమైన ప్రత్యుత్తర మియ్యనిచో రిజర్వు బ్యాంకు ఓంబుడ్స్‌మనునకు చెప్పుకొనవచ్చును.

అమెరికాలోనున్నవారు బ్యాంకును పిలిచిన పిదప ఫెడరల్ ట్రేడ్ కమిషనునకును, ఎఫ్.బి.ఐ. వారి ఇంటర్నెట్టు నేరముల శాఖకును ఫిర్యాదు చేయవలెను. బహుమతి కార్డుల రసీదులు పాఱవేయక, వానిని జారీచేసిన కంపెనీని వెంటనే పిలువవలెను. తమ పేరుతో ఎవరును అప్పు తీయకుండ ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అను మూడు సంస్థలలోను వివరములకు తాళము వేయించుకొనవచ్చును. 2018 సెప్టెంబరు మొదలు ఇది ఉచితము.

ఇల్లు కడుగుట

పాస్‌వర్డులను ఆ యంత్రముమీద మార్చరాదు. దొంగ అందులో ఏమి దాచిపోయెనో మనకు తెలియదు. వేఱొక యంత్రముమీద మొట్టమొదట ఈమెయిలు పాస్‌వర్డును మార్చవలెను. తక్కిన తాళముల చెవులన్నియు ఆ పెట్టెలోనే యుండును గదా! తరువాత బ్యాంకు, ఆపైన తక్కినవి. మన ఉత్తరములు పరుల చిరునామాకు పోవునట్లు వాడు ఏర్పాటు చేసియుండెనేమో ఈమెయిలులో చూడవలెను.

యంత్రమును తెలిసినవారిచేత తుడిపించి విండోసును క్రొత్తగా ఎక్కించుట ఉత్తమము. పిల్లల ఫొటోలు, కాగితములు ముందుగా వేఱొకచోట దాచుకొనవచ్చును. ప్రోగ్రాములను మాత్రము పాతవానినుండి తెచ్చుకొనరాదు. చేతిఫోనైనచో దొంగ పెట్టించిన సాధనమును తీసివేసి, ఫోనును మొదటి స్థితికి తెచ్చుట మేలు.

రెండవ దొంగ

కొన్ని వారములకు మఱియొక పిలుపు వచ్చును. “మీ సొమ్ము దొరకినది, కొంచెము రుసుము కట్టినచో పంపుదుము” అని పోలీసునని, వకీలునని, బ్యాంకువాడనని చెప్పువాడు పిలుచును. ఒకమాఱు మోసపోయినవారి పేర్లు దొంగలలో చేతులు మారుచుండును. పోయిన సొమ్ము ఇప్పించుటకు టెలిఫోనులో ముందుగా రుసుమడుగువాడు దొంగయే. గాయముమీద వ్రాలు ఈగ వంటివాడు వీడు.

ఇంటివారి మాట

ఇంతవఱకు చెప్పినది చేతిపని. ఇంతకంటె కష్టమైనది నోటిపని. మోసపోయిన అత్తగారితో “అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల” అని కోడలనును. “ఇంత చదువుకొని ఇదేమి” అని కొడుకనును. ఆ మాటతో పోయిన సొమ్ము కాసైన తిరిగిరాదు. రెండవ మాఱు ఏమైన జరిగినచో ఆమె చెప్పకుండుట మాత్రము నిశ్చయము.

మోసపోవుట తెలివితక్కువతనమని తలచువారు ఒక్క సంగతి వినవలెను. జిమ్ బ్రౌనింగ్ అను మాఱుపేరుతో ప్రసిద్ధుడైన ఒక బ్రిటిషువాడు ఇట్టి దొంగల కేంద్రములలోని కెమెరాలనే వశపఱచుకొని వారి గుట్టు లోకమునకు చూపినాడు, 2020లో బి.బి.సి. వారు ఆ కథను ప్రసారము చేసిరి. అట్టివానిని 2021 జూలైలో యూట్యూబు సహాయకులమని చెప్పిన దొంగలు నమ్మించి, వాని చానెలును వానిచేతనే తీసివేయించిరి. అతడు దాచలేదు, జరిగినది జరిగినట్లు లోకమునకు చెప్పినాడు. తరువాత చానెలు తిరిగి వచ్చినది. ఆ విద్యలో ఆఱితేరినవానికే తప్పనిది, పింఛనుతో కాలము గడుపు మన తండ్రికి తప్పలేదని నిందింపనేల?

ఇట్టివేళ గృహిణి ప్రక్కన కూర్చుండి మంచినీళ్లిచ్చి, “చెప్పినారు, అదే మేలు, ఇప్పుడు బ్యాంకును పిలుతము” అనవలెను. ఫిర్యాదును మోసపోయినవారిచేతనే చెప్పించి తాను వ్రాయవలెను. వారి చేతినుండి ఫోనును, పాసుపుస్తకమును లాగికొనరాదు. దినమునకు పంపదగిన మొత్తమును బ్యాంకులో తగ్గించినచో చాలును. అదియు వారి సమ్మతితోనే. సొమ్ము పోయిన దుఃఖముకంటె, ఇంటిలో తన మాటకు విలువ పోయినదన్న దుఃఖము పెద్దలను త్వరగా కృశింపజేయును. వారు అన్నము మానినను, నిద్ర మానినను, బ్రదుకు మీద విసుగు మాటలు పలికినను ఉపేక్షింపరాదు. 14416 సంఖ్యకు పిలిచినచో ప్రభుత్వమువారి టెలీమానసు సహాయకులు తెలుగులోను మాటలాడుదురు.

నేడే క్యాలెండరు ప్రక్కన గోడమీద రెండు సంఖ్యలు పెద్ద అక్షరములతో వ్రాసి అంటింపుడు: మీ బ్యాంకు సంఖ్యయు, 1930యు. రాత్రి భోజనములవేళ ఇంటిల్లిపాదికిని ఒక్క మాట చెప్పుడు: “ఎవరికేమి జరిగినను ముందు చెప్పుడు, ఈ యింట ఎవరును కోపపడరు.” ఈ మాట నిలుపుకొన్న యింట కుక్క ఆఱు నెలలకు గాక, దొంగ గుమ్మము దాటకమునుపే మొఱుగును.